చిత్రశాలలో గట్టిమేళం

షేక్ నాగుల్ మీరా సాహెబ్ నలభై ఏళ్లుగా నాదస్వరం వాయిస్తున్నాడు గానీ, తోడి రాగాన్ని ఒక్కసారి కూడా చివరిదాకా వాయించలేదు. చేతకాక కాదు. మేనమామ దగ్గర ఆరేళ్లు కూర్చుని నేర్చుకున్న రాగం అది. నిద్రలో లేపి అడిగినా వాయిస్తాడు. అడ్డమల్లా పురోహితుడి వేలు.

పెళ్లిపందిట్లో ఆయన ఆలాపన మొదలుపెట్టి, మెట్టు మెట్టు ఎక్కి, గాంధారం దగ్గర కాస్త కుదురుకునేసరికి, పీటల దగ్గర పంతులుగారు చెయ్యెత్తి వేలు ఆడిస్తారు. వేలు లేచిందంటే గట్టిమేళం. రాగం ఎక్కడుంటే అక్కడ వదిలేసి పందిరి అదిరేలా వాయించాలి. తాళి కట్టే క్షణాన ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ వధూవరుల చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన ఆచారం. ఆచారాన్ని మీరా సాహెబ్ ఏనాడూ తప్పుపట్టలేదు. కాకపోతే గట్టిమేళం అయ్యాక మళ్లీ తోడి ఎత్తుకుందామంటే, అప్పటికి పందిట్లో వినేవాడు ఉండడు. అందరూ బంతిలో కూర్చుని పప్పు కోసం చూస్తుంటారు.

డోలు వాయించే సుభానీ ఆయన బావమరిది. సుభానీకి బుర్ర కన్నా చేతులు ముందు. వేలు లేవడం కంటపడితే చాలు, అది ఎవరి వేలో, ఎందుకు లేచిందో విచారించకుండా గట్టిమేళం ఎత్తుకుంటాడు. ఒకసారి బస్సు ఆపమని ఎవరో వేలెత్తితే, ముందు కూర్చున్న పెద్దమనిషి వీపు మీద రెండు దరువులు వేశాడు. ఆ పెద్దమనిషి సంగీతం తెలిసినవాడు కాబట్టి తాళం బాగుందని వదిలేశాడు.

ఇలా ఉండగా పట్నంలోని ప్రభుత్వ చిత్రశాల నుంచి మీరా సాహెబ్‌కి ఒక ఉత్తరం వచ్చింది. "నాదచిత్ర సంగమము" అనే పథకం కింద ఇకమీదట చిత్రశాలల్లో సంగీతమూ నాట్యమూ కూడా ఉంటాయట. "దృశ్య కళలకును శ్రవ్య కళలకును నడుమనున్న గోడలను కూలద్రోయ నిశ్చయించడమైనది" అని ఉంది అందులో. ఇక్కడ గోడలంటే భవనం గోడలు కావని ఇంజనీరింగు విభాగం వారు కింద వివరణ కూడా ఇచ్చారు. ఆ తర్వాత ఇంకో వాక్యం ఉంది: "సందర్శకులు నిశ్శబ్దముగా నిలబడి తమ వాద్యమును ఆలకింతురు."

ఈ వాక్యాన్ని మీరా సాహెబ్ సుభానీ చేత మూడుసార్లు చదివించుకున్నాడు.

"నిశ్శబ్దంగానట్రా?"

"అట్టానే రాశారు బావా. నిలబడి వింటారంట."

"భోజనాలు ఉండవుగా?"

"తినుబండారాలు లోపలికి నిషేధం అని కూడా ఉంది."

మీరా సాహెబ్ కళ్లు తుడుచుకున్నాడు. ఒప్పందం రెండు నెలలకి. పెళ్లిళ్లు బాగా ఉన్న కాలమైనా, వచ్చిన బేరాలన్నీ పక్క ఊరి మేళానికి వదిలేసి పట్నం బయల్దేరాడు.

చిత్రశాలలో నాలుగు గదులు, అరవై ఎనిమిది తైలవర్ణ చిత్రాలు ఉన్నాయి. మామూలు రోజుల్లో వచ్చేవాళ్లు తక్కువ. ఎండాకాలంలో ఫ్యాన్ కింద నిలబడటానికి వచ్చేవాళ్లను కూడా కలిపితే కొంచెం ఎక్కువ. సహాయ క్యూరేటర్ ప్రసూన ఆరేళ్లుగా ఆ బొమ్మల మధ్యే కూర్చుని, వాటి మీద దుమ్ము తానే తుడుస్తోంది. ఆ అమ్మాయి మీరా సాహెబ్‌ని పెద్ద గదిలోకి తీసుకెళ్లి, వరి కోతల చిత్రం ఎదురుగా జంపఖానా వేసింది.

"సాహెబ్ గారూ, మీకు ఏ రాగం ఇష్టమైతే అది వాయించండి" అంది.

ఈ మాట కూడా ఆయనతో నలభై ఏళ్లలో ఎవరూ అనలేదు. అనేవన్నీ "కాస్త ఆపండి", "కాస్త కానివ్వండి" ఈ రెండే.

ప్రారంభోత్సవానికి సంయుక్త సంచాలకులు డాక్టర్ వరాహమూర్తిగారు వచ్చారు. పథకం ఆయన మానసపుత్రిక కనక చిత్రశాలలోనే ఒక గది తీసుకుని మకాం పెట్టారు. ఆ చిత్రశాలలో గైడు ఉద్యోగం తొమ్మిదేళ్లుగా ఖాళీ. కొత్తగా గైడుని తీసుకునే అధికారం లేదు గానీ, నర్తకిని పిలిచే అధికారం పథకం ఇచ్చింది. అందుకని ఒక కూచిపూడి నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, ఆ పళ్లెంతోనే జరుగుతూ, సందర్శకులను ఒక చిత్రం దగ్గర్నుంచి ఇంకో చిత్రం దగ్గరికి తీసుకెళ్లేలా ఏర్పాటు చేశారు. పళ్లెం ఎంత వేగంగా జరిగితే జనం అంత వేగంగా నడవాలి. పదిన్నరకి మొదటి గదిలో బయల్దేరినవాళ్లు సాయంత్రం మూసేవేళకి మూడో గది దాకా వచ్చారు.

మీరా సాహెబ్ శ్రుతి సరిచూసుకుని తోడి ఎత్తుకున్నాడు. ఉత్తరంలో రాసినట్టే జనం నిశ్శబ్దంగా నిలబడ్డారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆయన గాంధారం పట్టుకుని, దాన్ని ఊపి, వదల్లేక వదిలి, పంచమం వైపు ఒక చూపు చూశాడు. ఒళ్లంతా పులకరించింది. ఇంకో నలభై నిమిషాలు దొరికితే ఈ జన్మకి చాలనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వరాహమూర్తిగారు పక్కనున్న అధికారితో, "ఆ మూల పొలంలో ఆ ఎరుపును గమనించితిరా" అంటూ వేలెత్తి చిత్రాన్ని చూపించారు.

సుభానీ డోలు భళ్లుమంది. మీరా సాహెబ్ వద్దనుకున్నాడు గానీ, నలభై ఏళ్ల అలవాటు ఆయన ఊపిరిని కూడా లాక్కుపోయింది. గది అదిరిపోయింది. పళ్లెం మీది నర్తకి రెండో గదిలోకి దూసుకుపోయింది. వచ్చినవాళ్లలో ముగ్గురు పెద్దవాళ్లు, ఏం జరిగిందో తెలియకపోయినా, అక్షింతల కోసం చేతులు చాచారు.

చప్పుడు ఆగాక మీరా సాహెబ్ సిగ్గుతో తలొంచుకున్నాడు. సంచాలకులుగారి ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"చూచితిరా" అన్నారు ఆయన. "నేను ఎరుపును సూచించితిని. కళాకారులు ఎరుపుకు స్పందించిరి. ఇది స్వతస్సిద్ధ స్పందన. దీనిని తక్షణమే క్రమబద్ధము చేయవలెను."

మర్నాటికి ఉత్తర్వు వచ్చేసింది. ప్రతి చిత్రం ఎదుట ఒక్కసారైనా చూపుడువేలు ఎత్తవలెను. వేలెత్తని సందర్శకుని పక్షమున అటెండరు ఎత్తవలెను.

మీరా సాహెబ్ సంచాలకులుగారి గదికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, వేలు కనపడితే మా సుభానీ ఆగలేడు. వాడు ఆగకపోతే నేను ఆగలేను. దయచేసి జనాన్ని చేతులు కట్టుకోమనండి. ఒక్క రోజు చాలు. తోడి ఒక్కసారి చివరిదాకా వాయించుకుంటాను."

"మీరా గారూ, చిత్రము ఎదుట వేలు చూపుట సందర్శకుని ప్రాథమిక స్పందన" అన్నారు వరాహమూర్తిగారు ఎంతో దయగా. "దానిని అణచివేయుట పథకపు స్ఫూర్తికి విరుద్ధము. మీ రాగము విషయమై ఒక ఉపసంఘమును వేసెదను."

ఆ వారంలోనే ఒక బడిపిల్లల గుంపు వచ్చింది. వేలెత్తితే ఏమవుతుందో వాళ్లు రెండో చిత్రం దగ్గరే కనిపెట్టారు. ఆ తర్వాత వాళ్లు చిత్రాలు చూడలేదు, సుభానీనే చూశారు. ఇది కాక, లోపలికి వచ్చిన పావుగంటకే ఒకడికి ఒంటేలుకి వచ్చి, బడిలో అలవాటు ప్రకారం చిటికెన వేలెత్తి మాస్టారి వైపు చూశాడు. గట్టిమేళం. వాణ్ని చూసి ఇంకొకడికి వచ్చింది. మళ్లీ గట్టిమేళం. మధ్యాహ్నానికి ఆ బడి మొత్తం ఒంటేలుకి మేళతాళాలతో వెళ్లొచ్చింది. స్పందనల లెక్క చూసి సంచాలకులుగారు రాజధానికి ప్రత్యేక నివేదిక పంపారు.

"ఏరా, కళ్లు మూసుకుని వాయించరాదా?" అన్నాడు మీరా సాహెబ్ ఆ సాయంత్రం.

"మూసుకున్నా బావా. వేలు లేస్తే గాలి తగులుతోంది" అన్నాడు సుభానీ. పాపం, వాడు అబద్ధం చెప్పే మనిషి కాదు.

చిత్రశాలకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, పురపాలక సంఘం వారి కల్యాణ మండపం ఉంది. ఆ గురువారం అక్కడో పెళ్లి. ముహూర్తం పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాలకు. మండపంలో కూడా ఒక మేళం ఉంది గానీ, ముహూర్తానికి ఇంకా వేళ ఉందని వాళ్లు కాఫీలకి లేచారు. పెళ్లికొడుకు కరెంటాఫీసులో లైన్‌మన్. సైగ వచ్చేదాకా తీగ ముట్టుకోకూడదు, వచ్చాక ఆలస్యం చేయకూడదు అని శిక్షణ పొందినవాడు. పదీ నలభైకి చిత్రశాలలో ఒక అటెండరు వేలెత్తాడు. గట్టిమేళం రోడ్డు దాటి మండపంలోకి వచ్చిపడింది. పళ్లెంలో ఉన్న తాళి తీసి పెళ్లికొడుకు కట్టేశాడు. మూడు ముళ్లూ గట్టిగానే వేశాడు. జనం అక్షింతలు చల్లేశారు. పురోహితుడు భాస్కరావధానిగారు అప్పటికింకా కొబ్బరికాయ పీచు తీస్తున్నారు.

పెళ్లికూతురి తండ్రి వీరాంజనేయులు, వెనకాల నలభై మంది చుట్టాలతో, రోడ్డు దాటి చిత్రశాల మీదికి వచ్చాడు. గుమ్మం దగ్గర అటెండరు వాళ్లకి వరసగా టికెట్లు చింపి ఇచ్చాడు. కోపంగా వచ్చినవాళ్లకి వేరే నిబంధన ఏమీ లేదు మరి.

"ఎవడయ్యా ఇక్కడ మేళం వాయించింది?" అన్నాడు వీరాంజనేయులు. "ముహూర్తానికి నలభై నిమిషాల ముందు నా కూతురి మెళ్లో తాళి పడింది. ఇప్పుడేంది దారి?"

"ముందుగా ఈ స్పందన పత్రమును పూరింపుడు" అన్నారు వరాహమూర్తిగారు.

వీరాంజనేయులు కలం లాక్కుని, "మీ బొమ్మల కొట్టు మా పెళ్లి చెడగొట్టింది" అని రాసి బల్ల మీద కొట్టాడు. సంచాలకులుగారు దాన్ని రెండుసార్లు చదివారు.

"ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక చిత్రశాల ఒక పౌరుని జీవితమున ఇంత లోతుగా ప్రవేశించుట నేను చూడలేదు" అన్నారు.

భాస్కరావధానిగారు లోకజ్ఞానం ఉన్న మనిషి. కట్టిన తాళి విప్పడం కుదరదు కాబట్టి, గోడకి ఆనుకుని పంచాంగం తిరగేసి, నిజానికి పదీ నలభైయే ఇంకా మంచి ముహూర్తమని తేల్చారు. వెతికితే పంచాంగంలో దొరకనిదంటూ ఉండదు. వీరాంజనేయులు చల్లబడి, వచ్చినవాడు ఎటూ వచ్చాడు కనక రెండు బొమ్మలు చూసి వెళ్లాడు.

అయితే ఆ నెలలో మండపంలో ఇంకా పంతొమ్మిది పెళ్లిళ్లు ఉన్నాయి. ఈ సంగతి విన్న పెళ్లివారంతా బెదిరిపోయి అవధానిగారి ఇంటి మీద పడ్డారు. ఆయన ఒకటే సలహా చెప్పారు: "మేళం ఎక్కడుంటే పెళ్లి అక్కడే పెట్టుకోండి. నా వేలు నా చేతిలో ఉంటది." వాళ్లు చిత్రశాలకి అర్జీ పెట్టుకున్నారు. సంచాలకులుగారు రాజధానికి రాశారు. రాజధాని నుంచి పది రోజుల్లో స్పష్టీకరణ వచ్చింది: వివాహము సంగీత, నృత్య, మంత్ర, వస్త్రాలంకరణల సమాహారమైనందున దానిని సజీవ కళా ప్రదర్శనగా పరిగణించవచ్చును.

దానికో దరఖాస్తు ఫారం తయారైంది. వధూవరులు ఈ ప్రదర్శనకు నూతనులా, అనుభవజ్ఞులా? ప్రదర్శన మరల జరుగు అవకాశము గలదా? గలచో ఎప్పుడు? ఏ చిత్రమునకు స్పందించుచు వివాహమాడుచున్నారు? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామంది ఆడపెళ్లివారు తటపటాయించి, ఆవులున్న చిత్రం రాశారు. మంగళకరంగా ఉంటుందని.

చిత్రశాలకి శుక్రవారం సెలవు. రెండో శనివారం కూడా సెలవు. మిగతా రోజుల్లో పదిన్నర నుంచి అయిదు దాకా. అవధానిగారు ఆ వేళలను పంచాంగం మార్జిన్లో రాసుకుని, గ్రహాలను వాటి ప్రకారం సర్దుబాటు చేశారు. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఎవరికీ శుక్రవారం ముహూర్తం కుదరడం మానేసింది.

సందర్శకుల సంఖ్యలో ఆ చిత్రశాల రాష్ట్రంలో మొదటి స్థానానికి వచ్చింది. సంచాలకులుగారికి శాలువా కప్పారు. మీరా సాహెబ్ మాత్రం చిక్కిపోయాడు. పెళ్లిళ్లు వదిలించుకుని వచ్చినవాడికి ఇక్కడ పూటకొక పెళ్లి. పెళ్లి వేళ అవధానిగారి వేలు, మధ్యలో బొమ్మలు చూపించే చుట్టాల వేళ్లు, ఎవరినో దగ్గరికి రమ్మని అలవాటుగా లేచే వేళ్లు. ఇదివరకు పెళ్లిలో తోడి గాంధారం దాకా అయినా వెళ్లేది. ఇప్పుడు షడ్జమం దాటడం లేదు. సుభానీ చేతులు వాచిపోయాయి. రోజూ ఉప్పు మూట కట్టి కాపడం పెడుతున్నాడు.

బొమ్మల పరిస్థితి కూడా అలాగే ఉంది. చల్లిన అక్షింతలు తైలవర్ణాలకి అంటుకుని, వాన చిత్రంలో పసుపు వాన కురిసింది. వరి కోతల చట్రానికి ఎవరో బంధువులు చేతిసంచులు తగిలించారు. ప్రసూన స్టూలెక్కి ఒక్కో బియ్యపుగింజా గోటితో తీస్తూ ఏడ్చింది. ఏడ్చి ఊరుకోకుండా పరిరక్షణ విభాగానికి రాసింది. వాళ్లు వచ్చి చూసి, ప్రదర్శనలకు చిత్రములు అవరోధముగా ఉన్నవని, వాటిని సమీపమున ఖాళీగానున్న ప్రభుత్వ భవనమునకు తరలించవలెనని తేల్చారు. ఖాళీగా ఉన్న భవనం ఒక్కటే. పెళ్లిళ్లు లేక ఈగలు తోలుకుంటున్న కల్యాణ మండపం.

అరవై ఎనిమిది చిత్రాలూ రోడ్డు దాటాయి. కింద ఉండే పేర్ల ఫలకాలు మాత్రం గోడలకే ఉండిపోయాయి. అవి భవనంలో భాగమట, ఇంజనీరింగు విభాగం వారివి. పెళ్లికి వచ్చినవాళ్లు ఖాళీ గోడ ముందు నిలబడి "సంధ్యవేళ, తైలవర్ణం" అని చదువుకుని, బాగుందని తలూపి, వేలెత్తి చూపించేవారు.

ఆరోజు మీరా సాహెబ్ సుభానీని వెంటబెట్టుకుని మళ్లీ సంచాలకులుగారి గదికి వెళ్లాడు.

"అయ్యా, ఉపసంఘం ఏం తేల్చింది?"

"తోడి రాగమునకు జనము చేయి ఎత్తుటలేదు. గట్టిమేళమునకే స్పందన నూటికి నూరు. కావున ఇక తోడిని పూర్తిగా విరమింపవలెనని సిఫారసు."

నలభై ఏళ్లు అడ్డం పడ్డారే గానీ, ఆ రాగాన్ని ఎవరూ వద్దనలేదు. ఇప్పుడు కాగితం మీద వద్దన్నారు. మీరా సాహెబ్‌కి కోపం ముంచుకొచ్చింది. ఇంతలో బల్ల పక్కన సుభానీ వాచిన చేతులు కనపడ్డాయి. ఆయన గొంతు సవరించుకుని, చాలా వినయంగా అన్నాడు:

"అయ్యా, గట్టిమేళం ఎప్పుడూ ఒక్కటేగా. మార్పుండదు. ఒక్కసారి రికార్డు చేసి పెట్టుకోండి. అవధానిగారు వేలెత్తే బదులు అదే వేలితో మీట నొక్కుకుంటారు. మేము జబ్బు పడ్డా స్పందన ఆగదు."

వరాహమూర్తిగారు కుర్చీలోంచి లేచారు. "సజీవ సంగీతమును నిత్యసజీవము చేయుట! మీరా గారూ, మీలో ఒక పరిపాలకుడు ఉన్నాడు."

రికార్డు ఆ సాయంత్రమే అయిపోయింది.

"మరి మేము ఇంటికి పోవచ్చా అయ్యా? ఒప్పందం గడువు ఇంకా పది రోజులుంది."

సంచాలకులుగారు తరలింపు ఉత్తర్వు తీసి చదివారు. చిత్రములును, వాటిని కనిపెట్టియుండు సిబ్బందియు, వాటి ఎదుట వాయించుటకు నియమింపబడిన కళాకారులును. "నిబంధన ప్రకారము మీరు చిత్రములతోపాటు అక్కడికి పోవలసినవారు. అక్కడ సందర్శకులు లేరు, స్పందన లేదు. కొంత కష్టమే. ఓర్చుకొనవలెను."

"ఓర్చుకుంటాం అయ్యా" అన్నాడు మీరా సాహెబ్.

మర్నాడు ఉదయం మండపంలో వరి కోతల చిత్రం పెళ్లిపీటల అరుగు మీద ఆనించి ఉంది. మిగతావి గోడల వెంట కుర్చీల మీద, పిలవని పేరంటానికి వచ్చినట్టు సర్దుకుని కూర్చున్నాయి. ప్రసూన వాటికి కాపలా. చిత్రశాలలోకి పొయ్యిలు రానివ్వరు కనక పెళ్లివంటలు ఇంకా ఇక్కడే జరుగుతున్నాయి. వంటల కోటమ్మా, మరో ముగ్గురు ఆడవాళ్లూ వెనక వసారాలో దొండకాయలు తరుగుతున్నారు. ఇంకెవరూ లేరు.

సుభానీ డోలు పట్టుకుని అందరికీ వీపు పెట్టి, చిత్రం వైపు తిరిగి కూర్చున్నాడు. ప్రసూన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"దోమ కుట్టినా తియ్యను సాహెబ్ గారూ" అంది.

మీరా సాహెబ్ తోడి ఎత్తుకున్నాడు. మొదట భయంభయంగానే సాగింది. గాంధారం దగ్గరికొచ్చి, అలవాటుగా ఒక్క క్షణం ఆగాడు, ఎవరో ఆపుతారని. ఎవరూ ఆపలేదు. పంచమం దాటాడు. అక్కణ్నుంచి ఆయనకి కొత్త దేశమే. మేనమామ ఇంట్లో చిన్నప్పుడు చూసిన దారులు ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే, కళ్లు మూసుకుని వాటి వెంట నడిచాడు.

పైషడ్జమం అందుకోబోతుండగా రోడ్డు అవతల అవధానిగారు మీట నొక్కారు. గట్టిమేళం మండపంలోకి దూసుకొచ్చింది. మీరా సాహెబ్ ఓరకంట చూస్తే సుభానీ చేతులు గాల్లోకి లేచాయి. అలాగే నిలబడ్డాయి. మెల్లగా మళ్లీ ఒళ్లోకి దిగాయి.

"అక్కడ వాయించేది నేనే గదా బావా" అన్నాడు సుభానీ లోగొంతుకతో. "మళ్లీ ఎందుకు?"

మీరా సాహెబ్ షడ్జమం మీదే నిలబడి, ఆ గోల అయ్యేదాకా ఊపిరి సాగదీశాడు. గోల అయిపోయింది. స్వరం మిగిలింది. దాన్ని పట్టుకుని, తొందరేం లేకుండా కిందికి దిగి, చివరికి మొదలుపెట్టిన చోటికి వచ్చి కూర్చున్నాడు. వసారాలో కత్తిపీటల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆయనకి తెలియదు.

కోటమ్మ చేతిలో సగం తరిగిన దొండకాయతో గుమ్మంలో నిలబడి ఉంది.

"అదేంది సాయిబుగారూ, అప్పుడే ఆపేశారు?" అంది.

ఆపమన్నవాళ్లను మీరా సాహెబ్ నలభై ఏళ్లుగా చూస్తున్నాడు. ఎందుకు ఆపావని అడిగిన మనిషిని చూడటం ఇదే మొదలు. నాదస్వరం పీక తీసి పంచె అంచుతో తుడిచి, మళ్లీ బిగించి, నోట పెట్టుకున్నాడు.